రక్తపు చుక్క, బంగారు చిప్: అపోహలు – వాస్తవాలు

ఎస్‌పీఆర్ సెన్సర్ల (బంగారు పూత మీద కాంతి వేసి రక్తంలోని ప్రొటీన్లను పట్టే చిప్‌ల) మీద పనిచేస్తానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "లైట్ వేస్తే జబ్బు తెలిసిపోతుందా?"

అపోహ: రక్తంలో ఏ ప్రొటీన్ ఉందో కాంతి గుర్తుపడుతుంది.

వాస్తవం: కాంతికి అన్ని ప్రొటీన్లూ ఒకటే. గాజు మీద సుమారు 50 నానోమీటర్ల మందాన బంగారు పూత ఉంటుంది. కిందినుంచి ఏటవాలుగా కాంతి పంపితే, ఒకానొక కోణంలో తిరిగొచ్చే వెలుగు బాగా పడిపోతుంది. పూత మీద ఏదైనా అతుక్కుంటే ఆ కోణం కాస్త జరుగుతుంది. మేం కొలిచేది అదే. అతుక్కున్నది ఏదో ఎంచి పట్టుకోవడం మాత్రం పూత మీద మేం నిలిపిన యాంటీబాడీ పని.

అసలు తలనొప్పి ఇక్కడే. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ట్రోపోనిన్‌ను లీటరుకు నానోగ్రాముల్లో లెక్కపెడతారు. రక్తద్రవంలో ఎప్పుడూ పుష్కలంగా ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ లీటరుకు దాదాపు 40 గ్రాములు. ట్రోపోనిన్ 10 నానోగ్రాములుంటే, ఆల్బుమిన్ దానికి 400 కోట్ల రెట్లు! పిలవని పేరంటానికి వచ్చినట్టు అదే ముందొచ్చి చిప్ మీద కూర్చుంటుంది. అందుకే కొత్త సెన్సర్ గురించి ఎవరు గొప్పగా చెప్పినా నేను ముందు అడిగేది, పరీక్షించింది ఉప్పునీటి బఫర్‌లోనా, రక్తంలోనా అని.

అపోహ: సెన్సర్ ఎంత సున్నితమైతే అంత మంచిది.

వాస్తవం: ఒకసారి సిగ్నల్ మెల్లగా పెరుగుతుంటే ప్రొటీన్ అతుక్కుంటోందని మురిసిపోయాను. తీరా చూస్తే గదిలో ఏసీ ఆగిపోయింది. నీరు ఒక డిగ్రీ వేడెక్కినా దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 0.0001 దాకా మారుతుంది, దాంతో ఆ కోణమూ జరుగుతుంది. మా పరికరం అందులో వందో వంతును కూడా పసిగడుతుంది. పక్కన, పోల్చి చూసుకోవడానికి, యాంటీబాడీ లేని రిఫరెన్స్ ఛానల్ లేకపోతే ఇప్పుడు ఏ రీడింగునూ నమ్మను.

అపోహ: బంగారం వల్లే ఖరీదు.

వాస్తవం: చదరపు సెంటీమీటరు చిప్‌కు పట్టేది మిల్లీగ్రాములో పదో వంతు. ఖర్చంతా యాంటీబాడీకి, పరికరానికి.

అపోహ: మార్కర్ (జబ్బుకు గుర్తుగా రక్తంలో చూసే పదార్థం) పెరిగితే ఆ జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: ప్రోస్టేట్ గ్రంథి వాచినా, ఆ గ్రంథి క్యాన్సర్‌కు మార్కర్‌గా చూసే పీఎస్ఏ పెరుగుతుంది, క్యాన్సరే కానక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ ట్రోపోనిన్ ఎక్కువగా కనిపించవచ్చు. డాక్టర్లు కొన్ని గంటలాగి మళ్లీ పరీక్ష చేయించేది అది పెరుగుతోందా, అలాగే ఉందా చూడ్డానికే.

"ఇదంతా ఇంకా ల్యాబుల్లోనే ఉందా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. మందుల షాపులో కొనే ప్రెగ్నెన్సీ కిట్లలో చాలావాటిలో పడే ఎర్ర గీత బంగారు నానోకణాలదే. మూత్రంలోని హార్మోన్ కూడా ప్రొటీనే. అక్కడ డిటెక్టర్ మన కన్ను.