బొమ్మే పడిందన్న మేయర్లు

స్పెయిన్‌లో ఇద్దరు పరిశోధకులు 816 మంది మేయర్లను ఒక సర్వే చేశారు. అందులో చిన్న మెలిక పెట్టారు: నాణెం ఎగరేయండి, బొమ్మ పడితే ఈ సర్వే ఫలితాలతో మీకో రిపోర్టు పంపిస్తాం, బొరుసు పడితే లేదు. ఎగరేసేది వాళ్లే, ఏం పడిందో చెప్పేదీ వాళ్లే. లెక్క ప్రకారం సగం మందికి బొమ్మ పడాలి కదా, 68 శాతం మంది బొమ్మే అన్నారు! ఎవరు బొంకారో ఒక్కొక్కరినీ పట్టుకోలేం, మొత్తం లెక్క మాత్రం దాచలేరు. 2020లో వచ్చిన ఈ పరిశోధనలో అసలు విషయం ఇంకొకటి ఉంది. బొమ్మ అన్నవాళ్లే తర్వాతి ఎన్నికల్లో ఎక్కువగా మళ్లీ గెలిచారు. అబద్ధం వల్లే గెలిచారని దీంతో తేల్చలేం గానీ, "ఈ హామీకి ఖజానాలో డబ్బుల్లేవు" అన్న మనిషికి మనలో ఎంతమందిమి ఓటేస్తాం చెప్పండి.

మొహం చూస్తే తెలిసిపోతుందనే ధీమా మనలో చాలామందికి ఉంటుంది. తెలియదు. పాత ప్రయోగాలన్నీ కలిపి 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కేస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతమే, అంటే గుడ్డిగా చెప్పినదానికి కాస్త ఎక్కువ. పైగా ఆ ప్రయోగాల్లో ఎక్కువగా ఉన్నది మామూలు మనుషులు, ఏళ్ల తరబడి మైకు ముందు ఆరితేరిన నాయకులు కాదు.

ఇంకో చిక్కు, విన్నదే మళ్లీ వింటే అది నిజమనిపిస్తుంది. 1977 నుంచీ ప్రయోగాల్లో ఇది పదేపదే తేలుతోంది. అలవాటైన మాటను మెదడు సులువుగా అందుకుంటుంది, ఆ సులువునే నిజమనుకుంటుంది. అసలు సంగతి ముందే తెలిసినా ఒక్కోసారి బోల్తా పడతాం. నాయకులు ఒకే అంకెను ప్రతి సభలోనూ ఊరికే చెప్పరు.

అందుకే మొహం వదిలేసి అంకె పట్టుకోవాలి. "ఇన్ని వేల కోట్లు కేటాయించాం" అన్నారనుకోండి, అది బడ్జెట్ అంచనా మాత్రమే. బడ్జెట్ పుస్తకంలో దాని పక్కనే కిందటేడాది సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది నిజంగా అయిన ఖర్చు కూడా ఉంటాయి. ఆ చివరిది ఏ సభలోనూ వినపడదు. కాబట్టి ఈ ఏడాది చెప్పిన అంకె ఏమైందో చూడాలంటే రెండేళ్ల తర్వాతి పుస్తకం తీయాలి. అంత ఓపిక లేకపోతే అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, మీ ఎమ్మెల్యే వరసగా రెండు ఎన్నికలకు ఇచ్చినవి పక్కపక్కన పెట్టుకుని ముందు ఆస్తులు, తర్వాత కేసులు చూడండి.