మాక్ ఆరెంజ్ అడిగితే వచ్చిన కరివేపాకు చుట్టం

బెంగళూరు నర్సరీలో మాక్ ఆరెంజ్ అనే పూలమొక్కను అడిగి, నిగనిగలాడే ఆకుల పొద ఒకటి తెచ్చుకున్నాను. మా అత్తగారు దాన్ని చూసి, "ఇంట్లో కరివేపాకు ఉండగా మళ్లీ ఎందుకమ్మా?" అన్నారు. ఆమె గురి పెద్దగా తప్పలేదు. అది మురయా పానిక్యులేటా, తెలుగులో నాగగొలుగు. కరివేపాకునూ చాలాకాలం మురయా ప్రజాతిలోనే లెక్కించారు. రెండూ నిమ్మ కుటుంబానివే.

విదేశీ తోటల పుస్తకాల్లో కనిపించే మాక్ ఆరెంజ్ వేరు. అది ఫిలడెల్ఫస్, హైడ్రాంజియా కుటుంబానిది. పూల వాసన నారింజ పూతను తలపిస్తుందని ఆ పేరు వచ్చింది, అంతకుమించి చుట్టరికం లేదు. వాటిలో లూయిసై జాతిని 1806లో అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ సేకరించాడు. అమెరికాలో ఐడహో రాష్ట్ర పుష్పం అదే. దక్షిణ యూరప్‌ది కొరొనేరియస్. ఇవి చలికాలంలో ఆకు రాల్చి, గడ్డకట్టే చలిలో నిద్రపోయి, ఆపైన పూసే మొక్కలు. జనవరి రాత్రి సుమారు 15 డిగ్రీలుండే బెంగళూరులో వాటికి ఆ నిద్ర ఎక్కడిది? విత్తనాలు తెప్పించుకోవడం డబ్బు దండగ అనే అంటాను.

జపాన్ మాక్ ఆరెంజ్ అని పిలిచే పిట్టోస్పోరం టోబిరా మూడోది. అంచులు ముడుచుకున్న దళసరి ఆకులు, జిగురు పట్టిన గింజలు. ఉప్పుగాలికి తట్టుకుంటుంది కాబట్టి చెన్నైవాళ్లు ప్రయత్నించవచ్చు.

పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ఫిలడెల్ఫస్ పువ్వుకు సాధారణంగా నాలుగు రేకులు, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. నాగగొలుగుకు ఐదు రేకులు. ఈనెకు అటూ ఇటూ చిట్టాకులు. ఒక చిట్టాకును ఎండకు అడ్డంగా పట్టి చూడండి: సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నిమ్మాకులోనూ అవే ఉంటాయి, నలిపితే వచ్చే ఘాటు వాటిదే.

నాలుగు రోజులు ఎండి వాన పడితే పొదంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఆ రాత్రి వీధి మొగదలకే వాసన తెలుస్తుంది. ఆ పూత ఎంతోకాలం నిలవదు, రెండు రోజుల్లో నేలంతా రేకులే.

ఒక చిక్కుంది. నిమ్మ, బత్తాయి తోటలను పాడుచేసే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లా పురుగుకు నాగగొలుగు లేత చిగురంటే మహా ఇష్టం. మా మేడ మీద నిమ్మ కుండీ ఉంది. అందుకే దీన్ని కింద గేటు పక్కన నాటాను. చిగురు వేసినప్పుడల్లా ఆకుల కింద ఆ పురుగు పిల్లలు వదిలే తెల్లటి మైనపు పోగులు ఉన్నాయేమోనని వెతకడం ఇప్పుడు అత్తగారి పని.