నాన్‌ఫిక్షన్ చదివేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

ఏటా జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవం నుంచి సంచులకొద్దీ పుస్తకాలు ఇళ్ళకి చేరతాయి. వాటిలో నవలలు సంక్రాంతి సెలవుల్లోనే అయిపోతాయి. చరిత్ర, ఆత్మకథలు, యాత్రలు, సైన్సు మాత్రం ఉగాది దాటినా అలమరలోంచి కదలవు. చదివేవాళ్ళకి ఓపిక లేక కాదు, నవల చదివినట్టే వీటినీ చదవాలనుకోవడం వల్ల. విజయవాడ, గుంటూరు లైబ్రరీల్లోనూ పుస్తకాల షాపుల్లోనూ తరచూ వినపడే మాటలు కొన్ని తీసుకుని, అసలు సంగతేమిటో ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకం చివరిదాకా చదవాల్సిందే.

వాస్తవం: నవలకి ఆ పట్టుదల పనికొస్తుంది. చివర్లో ఏమైందో తెలియకపోతే అక్కడ కథే లేదు. నాన్‌ఫిక్షన్ దగ్గరకి మనం ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తాం, జవాబు దొరికాక ఆగొచ్చు. కొత్త పుస్తకం చేతికి రాగానే ఓ పావుగంట ఇలా చూడండి. ముందు టైటిల్ పేజీ వెనక ముద్రణ వివరాలు: మొదటి ముద్రణ ఎప్పుడు, మీ చేతిలో ఉన్నది ఎన్నోది. తర్వాత విషయసూచిక మొత్తం. తర్వాత ముందుమాట. మన పుస్తకాలకి ముందుమాటలు రెండు మూడు ఉంటాయి. పెద్దల ఆశీస్సులు వదిలేసి రచయిత తన మాటగా రాసుకున్నది చదివితే చాలు. చివరగా, మీకు బాగా తెలిసిన విషయం ఏ అధ్యాయంలో ఉందో వెతికి నాలుగు పేజీలు చదవండి.

ఈ చివరి పని చాలామంది చేయరు. పుస్తకానికి అసలు పరీక్ష అక్కడే ఉంది. గుంటూరు వాళ్ళకి మిరపకాయ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. కాబట్టి ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో పచ్చిమిరపకాయల పచ్చడి వడ్డించారని ఏ చరిత్ర పుస్తకమైనా చెబితే, అప్పటి కారం మిరియాలదని ఆ రచయితకి తెలియదన్నమాట. ఇక ఆ పుస్తకంలో పన్నుల లెక్కలు, యుద్ధాల తేదీలు ఎంత జాగ్రత్తగా రాసి ఉంటారో మీరే ఊహించుకోండి. వరి, చేప, చేనేత, పొగాకు, ఏది మీకు చేతిలో పనో దానితోనే పుస్తకాన్ని తూచండి.

వరసగా చదవక్కర్లేని పుస్తకాల్లో మాకు బాగా ఇష్టమైనది సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకి మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది. రాజవంశాల కాలాల వారీగా అధ్యాయాలున్నాయి కాబట్టి మొదట్నుంచీ చదివితే ఒక్కో కాలం తెలుస్తుంది. అలా కాకుండా ఒక్క భోజనం సంగతే పట్టుకుని అన్ని అధ్యాయాల్లోనూ అదే చదవండి. మరోసారి ఆటలు, ఇంకోసారి బట్టలు. కావ్యాల్లోంచీ శతకాల్లోంచీ ఆయన ఏరి తెచ్చిన సాక్ష్యం ఎంత విస్తారమో అప్పుడు అర్థమవుతుంది.

అపోహ: స్పీడ్ రీడింగ్ నేర్చుకుంటే ఏడాదికి వంద పుస్తకాలు అయిపోతాయి.

వాస్తవం: కన్ను వాక్యం మీద నున్నగా జారదు. గెంతుతుంది, ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఆగిన చోట స్పష్టంగా కనపడేవి కొద్ది అక్షరాలే. వేగం పెంచితే అర్థం కావడం తగ్గుతుంది. ఆ రెండూ ఒకేసారి పెంచే కిటుకు ఏదీ లేదు. ఇంగ్లీషు నాన్‌ఫిక్షన్ చదివే పెద్దవాళ్ళ సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్కతేల్చింది. ఆ లెక్కతో తెలుగు చదువుని కొలవలేం. "రాలేకపోయినవాళ్ళందరికీ" అన్నది మనకి ఒకే మాట, ఇంగ్లీషులో ఏడెనిమిది అవుతాయి. మాటలు కాకుండా పేజీలు లెక్కపెట్టుకోండి. పేజీకి రెండు నిమిషాలు వేసుకుంటే 250 పేజీల పుస్తకానికి 500 నిమిషాలు. రోజుకి 25 నిమిషాలు కేటాయిస్తే ఇరవై రోజుల్లో పూర్తవుతుంది. అందులో తొందరేమీ లేదు. నిజంగా వేగం ఇచ్చేది ఏదైనా ఉంటే, ఆ విషయం మీద అంతకుముందు చదివి ఉండటమే. ఒకే విషయం మీద మూడు పుస్తకాలు వరసగా చదివితే మూడోది దానంతట అదే త్వరగా సాగుతుంది.

అపోహ: గీతలు గీసుకుంటే గుర్తుంటుంది.

వాస్తవం: గీత పేజీ మీద ఉంటుంది, బుర్రలో ఉండదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో చాలా స్పష్టం. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే మాత్రం మూసి రాసినవాళ్ళు చాలా ముందున్నారు. చదివిన వెంటనే "అంతా వచ్చేసింది" అనిపించడం ఎందుకు మోసం చేస్తుందో ఇందులోనే ఉంది.

ఇంట్లో చేయడం తేలిక. అధ్యాయం అవగానే పుస్తకం మూయండి. పోస్టుకార్డంత అట్టముక్క మీద మూడు నాలుగు వాక్యాలు మీ సొంత మాటల్లో రాయండి: ఏం చెప్పారు, దేన్ని ఆధారం చేసుకుని చెప్పారు, మీకు ఎక్కడ అనుమానం వచ్చింది. రాశాకే పుస్తకం తెరిచి సరిచూసుకోండి. తెరిచి పెట్టుకుని రాస్తే అది ఎక్కించుకోవడమే, పనికిరాదు. వారం తర్వాత ఆ కార్డు చూడకుండా మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారంటే, కార్డు నిండా అక్షరం వదలకుండా రాసి, మూడో అధ్యాయానికే విసిగిపోయి మానేస్తారు. నాలుగు వాక్యాలు దాటకండి.

తెలుగు పుస్తకాల్లో చాలావాటికి చివర పదసూచిక ఉండదు. అది మనమే చేసుకోవాలి. సొంత పుస్తకమైతే చివరి ఖాళీ పేజీలో మెత్తటి 2బి పెన్సిల్‌తో పేజీ నంబరు, పక్కన రెండు మాటలు: "64 ఉప్పు పన్ను", "112 పడవ కూలి". పాత న్యూస్‌ప్రింట్ కాగితం మీద బాల్‌పెన్ను వాడితే అవతలి పక్కకి అచ్చు దిగుతుంది, గట్టి పెన్సిల్ అయితే కాగితం చినుగుతుంది. రెండు మూడేళ్ళ తర్వాత ఆ ఒక్క పేజీ చూసుకుంటే పుస్తకమంతా మళ్ళీ కళ్ళముందుకొస్తుంది.

అపోహ: ఆత్మకథలో రాసిందంతా చరిత్రే.

వాస్తవం: ఆత్మకథ ఒక సాక్షి వాంగ్మూలం. విలువైనదే, కానీ ఒక్క సాక్షితో తీర్పు రాదు. ముందు ఆ మాట ఎవరిదో చూసుకోవాలి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి నా జీవిత యాత్రలో మొదటి మూడు భాగాలే ఆయన రాసినవి. నాలుగోది తెన్నేటి విశ్వనాథం గారు రాశారు. ఇది గమనించకుండా అంతా ఒకే గొంతుగా చదివేసి, నాలుగో భాగంలోని మాటల్ని ప్రకాశం గారి మాటలుగా చెప్పేవాళ్ళు ఉన్నారు.

తర్వాత, అది ఎప్పుడు రాసింది? జరిగిన రోజునే రాసుకున్నదానికీ, ముప్పై ఏళ్ళ తర్వాత తలుచుకుని రాసినదానికీ చాలా తేడా. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర మొదటి రకం. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి ఆయన. 1830 మే 18న బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా వైపు నుంచి తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో ఎప్పటికప్పుడు రాసిన ఆ సంగతులు 1838లో అచ్చయ్యాయి. ఏ ఊళ్ళో మంచినీళ్ళున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటు దొరుకుతుంది అన్నవి ఆయన పనిగట్టుకుని రాశారు. దీన్ని మ్యాపు పక్కన పెట్టుకుని చదవాలి. రోజుకి రెండు మజిలీలు చాలు.

పాత పుస్తకాల్లో తేదీలే పెద్ద చిక్కు. సంవత్సరం పేరొక్కటే ఉంటే 60 ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది: వికృతి అంటే 1830 కావచ్చు, 1890, 1950, 2010 ఏదైనా కావచ్చు. రచయిత జీవితకాలం పక్కన పెట్టుకుంటే తేలిపోతుంది. శక సంవత్సరానికి 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79. మన వైపు రెవెన్యూ కాగితాల్లో వాడే ఫసలీ అనే సంవత్సరానికి 590 కలపాలి. ఫసలీ జులైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ దాకా. తూకాలూ అంతే: వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు.

అపోహ: అసలు పుస్తకం ఇంగ్లీషుదే, తెలుగు అనువాదం దానికి నకలు.

వాస్తవం: గాంధీ గారు ఆత్మకథ రాసింది గుజరాతీలో. ఇంగ్లీషు ప్రతి మహదేవ్ దేశాయ్ చేసిన అనువాదం. సేపియన్స్ 2011లో మొదట హీబ్రూలో వచ్చింది. ఇంగ్లీషులో చదివినంత మాత్రాన మూలం చదివినట్టు కాదు. అనువాదం కొనేముందు మూడు సంగతులు చూడండి: మూలం పేరు, మూల భాష రాశారా; సంక్షిప్తమా, పూర్తిదా; అధోజ్ఞాపికలు, అంటే పేజీ అడుగున ఇచ్చే ఫుట్‌నోట్లు, ఉంచారా, తీసేశారా. మూడోది పోతే నాన్‌ఫిక్షన్‌కి సగం బలం పోయినట్టే. వాళ్ళ మాటకి ఆధారం ఉండేది అక్కడే.

అపోహ: పాత పుస్తకం కొంటే పేజీలు పోయి ఉంటాయి.

వాస్తవం: చూసుకుని కొంటే భయం లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మన డెమీ సైజు పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన కట్టలుగా, తయారవుతాయి. బైండింగులో పోయినా, రెండుసార్లు పడినా ఫారం మొత్తంగానే జరుగుతుంది. అందుకని 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయో లేదో చూస్తే చాలు. తర్వాత మొదటి, చివరి ఫారాలు పేజీ పేజీ చూడండి, ఊడిపోయేవి అవే. వైద్యం, చట్టం, పన్నుల పుస్తకాలు మాత్రం పాతవి కొనొద్దు. చవగ్గా వచ్చినా సరే.

అపోహ: నాఫ్తలీన్ ఉండలు వేసి పాలిథిన్ కవర్లో పెడితే పుస్తకం పదికాలాలు ఉంటుంది.

వాస్తవం: కృష్ణా తీరంలో మనకి అసలు శత్రువు చెమ్మ. ఉండలు పురుగుని కొంత దూరం పెడతాయేమో గానీ బూజుని ఆపవు. కవరు లోపలి తేమని బయటికి పోనివ్వదు. అలమరని గోడకి మూడంగుళాలు, నేలకి అరడుగు ఎడంగా పెట్టండి. బాత్రూమ్ గోడకి ఆనించొద్దు. పుస్తకాల్ని బిగించి కుక్కకుండా వేలు దూరేంత సందు వదలండి. పాతవి కొని తెస్తే మిగతావాటితో కలిపే ముందు జిప్ కవర్లో గాలి తీసి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచితే పురుగు చస్తుంది. బయటికి తీశాక మాత్రం పూట గడిచేదాకా కవరు తెరవొద్దు, తెరిస్తే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. చినిగిన పేజీకి సెల్లో టేపు వేయకండి. కొన్నేళ్ళకి జిగురు పచ్చబడి అక్షరాల్ని కూడా లాగేస్తుంది.

అపోహ: కొనలేనివాళ్ళకి నాన్‌ఫిక్షన్ దూరమే.

వాస్తవం: మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైటు తీరిపోతుంది. సురవరం వారు 1953లో పోయారు కాబట్టి ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్లో పాత పుస్తకాలు బోలెడున్నాయి. పాత అచ్చు స్కాన్లలో తెలుగు వెతుకులాట సరిగా పనిచేయదు. విషయసూచిక పేజీని ఫోటో తీసి పెట్టుకుంటే పని సులువవుతుంది.

లైబ్రరీ ఉండనే ఉంది. అయ్యంకి వెంకట రమణయ్య గారి పూనికతో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో జరిగింది ఈ బెజవాడలోనే. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనం ఇప్పటికీ కడుతున్నాం. పుస్తకాల్ని విషయాల వారీగా సర్దే డ్యూయీ నంబర్లు వాడే చోట యాత్రలు 910లో, జీవిత చరిత్రలు 920లో, మన దేశ చరిత్ర 954లో ఉంటాయి. కావలసిన పుస్తకం దొరకలేదని వెనక్కి రావద్దు, దానికి అటూ ఇటూ ఉన్న నాలుగు పుస్తకాలు తీసి చూడండి. అదీ లేకపోతే పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం కాగితం మీద రాసి కౌంటర్లో ఇవ్వండి. వివరాలన్నీ ఉంటే తెప్పించడం వాళ్ళకీ తేలిక.