ఐటీ వదిలి బొమ్మలేసుకుందాం అనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నానని తెలియగానే ఐటీవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అంత ధైర్యం ఎలా చేశారండీ?" అని. ధైర్యం గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. బిల్లు ఎలా రాస్తారు, ఒప్పందంలో ఏముంటుంది అని మాత్రం ఎవరూ అడగరు. ఈ వృత్తిలో నిలబడేదీ మునిగేదీ అక్కడే.

అపోహ: నెల జీతం తీసుకుంటూ ఉంటే కళ పండదు.

మనల్ని పెంచిన బొమ్మల్లో చాలావరకు జీతాల మీద పుట్టినవే. 1947 జులైలో మొదలైన చందమామలో శంకర్ 1952లో చేరి, దశాబ్దాలపాటు ఉద్యోగిగానే బొమ్మలు వేశారు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ ఆయనదే. బాపు 1955లో లా పట్టా పుచ్చుకుని, కోర్టుకు వెళ్లకుండా ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. అదీ ఉద్యోగమే, అక్కడా గడువులుంటాయి. శని, ఆదివారాల్లో ఒక్క బొమ్మ కూడా పూర్తిచేయలేనివాళ్లు రాజీనామా చేస్తే ఏడు రోజులూ పూర్తిచేస్తారన్న నమ్మకం నాకు లేదు. ఉద్యోగంలో ఉండగానే ఒక్క పుస్తకమైనా డబ్బు తీసుకుని చేసి చూడండి. కాకపోతే ముందు మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదవండి. బయటి పని చేయకూడదని, చేస్తే రాతపూర్వక అనుమతి కావాలని చాలా కంపెనీలు అందులోనే రాసి ఉంచుతాయి.

అపోహ: ఉద్యోగం మానేస్తే రోజంతా బొమ్మలే.

నాకు సగం రోజు మాటల్లోనే పోతుంది. పిల్లల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు రెండు. ముందు 32 పేజీలకూ అగ్గిపెట్టెంత చిన్న రఫ్‌లు గీయాలి. తర్వాత పెద్ద రఫ్‌లు, వాటికి ఆమోదం, ఆ తర్వాత లైన్ (అసలు గీతల బొమ్మ), చివర్న రంగులు. మధ్యలో ప్రశ్నలు: కథలో తాతయ్య పంచె కడతాడా, లుంగీ కడతాడా? ఊరు కోనసీమా, పాలమూరా? చెట్టు కొబ్బరా, ఈతా? ఇవి రఫ్ దశలోనే అడగాలి. రంగులన్నీ వేశాక "తాతయ్యకు మీసం పెడితే బాగుంటుందేమో" అని ఫోన్ వస్తే పన్నెండు పేజీల్లో మీసాలు మొలిపించాలి. అందుకే రఫ్ దశలో రెండుసార్లు మార్పులు ఉచితం, రంగులు వేశాక ప్రతి మార్పుకూ విడిగా డబ్బు అని మొదటి మెయిల్‌లోనే రాసేస్తాను. ఐటీలో రిక్వైర్‌మెంట్ మార్చే క్లయింట్లను చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

అపోహ: నేను వేసిన బొమ్మ ఎప్పటికీ నాదే.

ఇది అన్నిటికంటే ఖరీదైన అపోహ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకపోతే తొలి యజమాని వేయించుకున్నవాళ్లే. వేసిన చేయి మీది కావచ్చు, హక్కు మాత్రం అవతలివాళ్ల దగ్గరుంటుంది. రేపు అదే బొమ్మను నోటు పుస్తకం అట్ట మీద, టీషర్టు మీద, క్యాలెండర్ మీద అచ్చేసుకుంటే అడగడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

కాగితం అంటే ఇరవై పేజీల దస్తావేజు అక్కర్లేదు. హక్కు చిత్రకారుడిదే, ప్రచురణకర్తకు ఇస్తున్నది ఈ పుస్తకానికి, ఫలానా భాషలో, ఇన్నేళ్లపాటు వాడుకునే అనుమతి మాత్రమే అని రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. హక్కులు పూర్తిగా రాసివ్వాల్సి వచ్చినా కాలం, ప్రాంతం రాయించండి. ఎంతకాలమో రాయకపోతే అది ఐదేళ్లకేనని, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశానికేనని చట్టం భావిస్తుంది. కొందరు ప్రచురణకర్తలు "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని అచ్చేసిన ఫారం పంపిస్తారు. అక్కడ పెన్ను ఆపండి, ధర మళ్లీ మాట్లాడండి. ఇంకొకటి, హక్కులు అమ్మేసినా, ఈ బొమ్మ వేసింది నేనే అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. లోపలి పేజీలో మీ పేరు వేయమని అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఈ పనిలో డబ్బులుండవు.

ఉంటాయి. ఒకటో తారీఖున మాత్రం రావు. జనవరిలో చేసిన పనికి డబ్బు ఏప్రిల్‌లో రావచ్చు, అదీ టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద 10 శాతం కోసుకుని. ఆ కోత రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది కానీ ఈ నెల అద్దెకు పనికిరాదు. నా పద్ధతి మూడోవంతు అడ్వాన్స్, మూడోవంతు రఫ్‌ల ఆమోదానికి, మిగతాది ఫైనల్ ఫైళ్లు ఇచ్చే ముందు. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవడం పూర్తిగా ఉచితం. నమోదై ఉంటే కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు 45 రోజుల్లోపు, లేనప్పుడు 15 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ పడుతుంది. మన చిన్న ప్రచురణకర్తల మీద ఎవరూ కేసులకు వెళ్లరనుకోండి. కానీ బిల్లు మీద ఆ నమోదు సంఖ్య కనబడితే అకౌంట్స్‌వాళ్లు ఫోన్ ఎత్తుతారు.

"పేమెంట్ లేదు కానీ మంచి పేరొస్తుంది" అనేవాళ్ల గురించి ఒక్క మాట: వద్దు.

అపోహ: మనసు విరిగిన రోజే రాజీనామా పేపర్ పెట్టేయాలి.

క్యాలెండర్ చూసి పెట్టండి. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నాలుగేళ్ల చిల్లర దగ్గర ఆవేశపడితే ఆ డబ్బు పోయే ప్రమాదం ఉంది. పీఎఫ్‌ కూడా ఐదేళ్లు నిండకముందే తీసేస్తే సాధారణంగా పన్ను పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న అమ్మానాన్నలుంటే ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోండి, ఎందుకంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూడాల్సి రావచ్చు. ఇంటి లోన్ ఆలోచన ఉంటే అదీ జీతం స్లిప్పు చేతిలో ఉన్నప్పుడే తేల్చుకోండి. సొంతంగా పనిచేసుకునేవాళ్లను బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో అడిగేవాళ్లకు ఇంకో చిక్కుంది. హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప బయట డబ్బులకు బొమ్మ వేయడానికి వీల్లేదు. ఉద్యోగం వదిలితే గరిష్ఠంగా 60 రోజుల గడువు. అక్కడ ఉండి "చూద్దాంలే" అనడం కుదరదు.

అపోహ: ఖరీదైన ట్యాబ్లెట్ ఉంటేగానీ మొదలుపెట్టలేం.

కంప్యూటర్‌లో బొమ్మలు వేసే కృతా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఖరీదైన ట్యాబ్లెట్ చేయి తిరిగాక కొనుక్కోండి.

అపోహ: ఐటీలో గడిపిన ఏళ్లన్నీ వృథా.

నాకు పుస్తకాలు తెచ్చిపెట్టింది బొమ్మల అందం ఒక్కటే కాదు, ఎస్టిమేట్ ఇచ్చి దానికి కట్టుబడటం కూడా. ఫైళ్లకు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టకపోవడాన్ని కూడా ప్రచురణకర్తలు గుర్తుపెట్టుకుంటారు. తెలుగు ప్రచురణలో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాతతరం అను ఫాంట్లే. యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో మనం టైప్ చేసే పద్ధతిలో) వచ్చిన కథ పేజీలో చెదిరిపోతే దాన్ని సరిచేయగలిగినవాళ్ల కోసం వెతుకుతుంటారు. తెర మీద మెరిసే చిలకపచ్చ అచ్చులో ఎందుకు మాడిపోతుందో, తెర రంగుల పద్ధతి ఆర్జీబీకి, అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేకి తేడా ఏమిటో మీరు ఒక సాయంత్రంలో నేర్చేసుకుంటారు.

అపోహ: మళ్లీ ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టే.

నాకు తెలిసిన చిత్రకారుల్లో కొందరు ఏడాదిలో కొన్ని నెలలు కాంట్రాక్టు మీద టెస్టింగ్ పనో, యూఐ (యాప్, వెబ్‌సైట్ తెరల డిజైన్) పనో చేస్తారు. ఆ డబ్బుతో మిగతా నెలలు తమకు నచ్చిన పుస్తకాలే ఒప్పుకుంటారు, నచ్చనివి వదిలేస్తారు. పూర్తిగా బొమ్మల మీదే బతికే నేను మాత్రం అప్పుడప్పుడు ఎరువుల కంపెనీ క్యాలెండర్లకు కూడా వేస్తుంటాను.