పాత సిస్టమ్‌ని తిట్టే ముందు: ఆరోగ్య బీమా సాఫ్ట్‌వేర్‌పై అపోహలు - వాస్తవాలు

2024 చివర్లో కందుకూరు బాబాయికి నెల్లూరు పొగతోటలో ఆపరేషన్ అయింది. పొద్దున పదికి డాక్టర్ ఇంటికి పొమ్మన్నాడు, సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటర్ దగ్గరే కూర్చున్నాం. "సర్వర్ స్లోగా ఉండాదన్నా" అంది కౌంటర్‌లో అమ్మాయి. బాబాయి నావైపు తిరిగి, "నువ్వు చేసేది ఈ పనే గదరా, అదేందో చూడకూడదా?" అన్నాడు.

నేను చేసేది ఆ పనే. పదేళ్లు అమెరికా బీమా కంపెనీల కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు, ఆ తర్వాత ఇక్కడి కంపెనీల పాలసీ, క్లెయిమ్ సిస్టమ్‌లను కొత్తవాటిలోకి మార్చే పని. బాబాయికి ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన జవాబులు ఇవి.

అపోహ: క్లెయిమ్ ఆలస్యమైతే తప్పు సర్వర్‌దే.

చాలాసార్లు సర్వర్ ఖాళీగానే ఉంటుంది. ఆసుపత్రి కంప్యూటర్లో ఉన్న బిల్లును ప్రింటు తీస్తారు, స్కాన్ చేస్తారు, పీడీఎఫ్‌గా పోర్టల్లో ఎక్కిస్తారు. అవతల టీపీఏలో, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థలో, ఒక మనిషి అదే బిల్లును చూసి గది అద్దె, మందులు, డాక్టర్ ఫీజు మళ్లీ టైపు చేస్తాడు. ఒక కాగితం తగ్గితే 'క్వెరీ' వస్తుంది, కథ మొదటికొస్తుంది. నగదు రహిత చికిత్సకు గంటలోపు, డిశ్చార్జికి మూడు గంటల్లోపు అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది. మూడు గంటలు దాటాక ఆసుపత్రి అదనంగా వేసే ఖర్చు బీమా కంపెనీదే. పీడీఎఫ్ చూసి టైపు చేసే పద్ధతి ఉన్నంతకాలం ఎంత కొత్త సిస్టమ్ పెట్టినా ఈ గడువు అందుకోవడం కష్టం. ఆసుపత్రులు, బీమా కంపెనీల మధ్య క్లెయిములు నేరుగా పంపుకునే నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్చేంజ్ పెట్టింది ఇందుకే. అందులో బిల్లు బొమ్మగా కాకుండా, ఫైర్ (FHIR) అనే ఆరోగ్య డేటా ప్రమాణంలో గడులుగా విడగొట్టిన డేటాగా వెళ్తుంది.

అపోహ: పాత సాఫ్ట్‌వేర్ అంటే చెత్త, తీసి పారేయడమే.

కోబాల్ పుట్టింది 1959లో. నాకంటే చాలా పెద్దది. కానీ డబ్బు లెక్కలో దానికి వంక పెట్టలేం. పది పైసలకు ఇరవై పైసలు కలిపితే దానికి ముప్పై పైసలే. కొత్త భాషల్లో ఆలోచించకుండా దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే 'డబుల్' రకం వాడితే 0.30000000000000004 వస్తుంది. దాని మీద కో-పే (పేషెంటు తన వంతుగా కట్టే) శాతం, ఆపైన రౌండింగ్. రాత్రికి లక్ష క్లెయిములు నడిస్తే పైసల తేడా ఆడిటర్ బల్ల మీదికి వస్తుంది.

ఇంకోటి, ఇది నా తప్పే. ఒక పాత ప్రోగ్రాములో ఎవరూ వివరించలేని షరతు ఒకటి కనిపించింది. రాసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు. అనవసరమనుకొని కొత్తదాంట్లో వదిలేశా. టెస్టింగులో, ఒకే మనిషికి ఒకే ఏడాది రెండో శుక్లాల ఆపరేషన్ వచ్చేసరికి సిస్టమ్ 'డూప్లికేట్' అని తిప్పికొట్టింది. ఆ షరతు కుడికన్ను, ఎడమకన్ను వేరు చేసేది. పాలసీలో పరిమితి ఒక్కో కంటికి! ఆ సంగతి ఏ డాక్యుమెంటులోనూ లేదు, ఆ ఒక్క లైనులోనే ఉంది.

అపోహ: పాత డేటాను కొత్త సిస్టమ్‌లోకి మార్చడం చివరి నెలలో చూసుకోవచ్చు.

ఇలా అనుకున్న ప్రాజెక్టులన్నీ ఇక్కడే బోల్తా కొడతాయి. మన పేర్లతోనే మొదలవుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, పాలసీలో ఒక్క అక్షరం. పాత సిస్టమ్‌లో పేరుకు 20 ఇంగ్లీషు అక్షరాలే ఇస్తే, వెంకట లక్ష్మీనరసింహారావు గారు 'వెంకట లక్ష్మీనరస్' అయిపోతారు. పుట్టినరోజంటారా, బడిలో అయ్యవారు రాసిన జులై 1.

ఆపైన ఊళ్లు. ఒకచోట జిల్లాను పిన్‌కోడ్ మొదటి మూడంకెలతో తేల్చేవాళ్లు: 523 అయితే ప్రకాశం, 524 అయితే నెల్లూరు. 2022 ఏప్రిల్ 4న కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కందుకూరు పిన్ మాత్రం 523105గానే ఉండిపోయింది. ఆధార్‌లో నెల్లూరు, మా దగ్గర ప్రకాశం. తేడా వచ్చిన ప్రతి కేసూ మనిషి చూడాల్సిన వరుసలోకి పోయి కూర్చుంది.

వీటన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది: పాలసీ మొదలైన తేదీ. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ రాని కాలం, గరిష్ఠంగా 36 నెలలు. 60 నెలలు నిరంతరంగా పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారంటూ క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. 2024కి ముందు ఇవి 48, 96 నెలలు. ఈ లెక్కంతా మొదటి తేదీ నుంచే. మార్పిడిలో ఆ గడిలోకి కొత్త సిస్టమ్ మొదలైన తేదీ పడిందనుకోండి, ఏడేళ్లుగా ప్రీమియం కట్టిన షుగర్ పేషెంటు రాత్రికి రాత్రి కొత్త కస్టమర్ అయిపోతాడు. ఏ ఎర్రర్ మెసేజీ రాదు. ఆయన ఆసుపత్రిలో చేరిన రోజే బయటపడుతుంది. అందుకే రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు మొత్తం చదవకపోయినా ఆ తేదీ, చెప్పుకున్న జబ్బులు, పుట్టినతేదీ చూడమంటాను.

అపోహ: ఒక శనివారం రాత్రి పాతది ఆపి కొత్తది పెట్టేస్తే సరి.

శుక్రవారం చేరి మంగళవారం డిశ్చార్జయ్యే పేషెంటు ఏ సిస్టమ్‌లో ఉంటాడు? మా ప్రాంతంలో తాటిచెట్టును అల్లుకున్న మర్రి చూసే ఉంటారు. కాకి వేసిన గింజ మొలిచి, ఊడలు దిగి, చివరికి తాడి లోపలెక్కడో ఉండిపోతుంది. మా పద్ధతీ అంతే. 2004లో మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత దీనికి ఆస్ట్రేలియా అడవుల్లో చూసిన అలాంటి చెట్టు పేరే పెట్టాడు, ఇప్పుడు స్ట్రాంగ్లర్ ఫిగ్ అంటారు. ముందు చిరునామా మార్పు కొత్తదానికి, తర్వాత రెన్యువల్, ఆఖరున క్లెయిమ్ లెక్క. ఆ లెక్కను కొన్ని నెలలు రెండింటిలోనూ నడిపి, రోజూ పొద్దున పైసలతో సహా సరిచూస్తాం.

అపోహ: క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్లో అద్దెకు దొరికే సర్వర్లలో, పెడితే ఆధునికమైనట్టే. ఇల్లు మారినంత మాత్రాన పాత సామాను కొత్తదవదు. ఇంకో అపోహ: ఏఐ పాత కోడంతా మార్చేస్తుంది. కోడ్ చదివి చెప్పడంలో బాగా సాయపడుతుంది, నేనూ వాడుతున్నా. ఆ కంటి షరతు ఎందుకుందో పాలసీ తెలిసిన మనిషే తేల్చాలి.

బాబాయి బిల్లు ఆ రాత్రి ఏడున్నరకు తేలింది. కారులో ఆయన పాలసీ కాగితం తీసి చూశా. మొదటి తేదీ సరిగ్గానే ఉంది, జిల్లా మాత్రం అప్పటికీ ప్రకాశమే. మార్పించమని చెప్తే, "డబ్బులిచ్చారు గదరా, జిల్లాతో పనేముండాది?" అని కళ్లు మూసుకున్నాడు.