టన్ను ఉక్కుకు ఎన్ని సిలిండర్ల ఆక్సిజన్? అపోహలు - వాస్తవాలు

రేణిగుంట పక్కన గాజులమండ్యం షెడ్లలో గ్యాస్ కటింగ్‌కు వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7 క్యూబిక్ మీటర్ల ఆక్సిజన్ పడుతుంది. ఈ కొలత గుర్తుంటే కింది లెక్కలు సులువుగా అర్థమవుతాయి.

అపోహ: కన్వర్టర్‌లో (కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే పాత్రలో) ఆక్సిజన్ ఊదేది మంట పెంచడానికి.

వాస్తవం: అక్కడ విడిగా ఇంధనమే లేదు. కరిగిన ఇనుములోని కార్బన్, సిలికాన్‌లను ఆక్సిజన్ కాల్చేస్తుంది, ఆ వేడితోనే పని నడుస్తుంది. టన్నులో 44 కిలోల కార్బన్ ఉంటే దానికే దాదాపు 45 క్యూబిక్ మీటర్లు కావాలి. 5 కిలోల సిలికాన్‌కు ఇంకో 4. మాంగనీస్, కొంత ఇనుము కూడా కలిస్తే 50 నుంచి 55, అంటే ఏడెనిమిది సిలిండర్లు. తుక్కు పాలు పెంచితే తప్ప ఈ లెక్క పెద్దగా దిగదు.

అపోహ: కాబట్టి వాడకం పెరుగుతున్నది కన్వర్టర్ల వల్లే.

వాస్తవం: అసలు పెరుగుదల ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌ది. కోక్ (బొగ్గు నుంచి చేసే గట్టి ఇంధనం) ఖరీదైనది కనుక ట్వియర్ల (ఫర్నేస్‌లోకి వేడి గాలి ఊదే గొట్టాల) దగ్గర బొగ్గు పొడి ఊదుతారు. ఆ పొడి వల్ల మంట వేడి పడిపోతుంది. గాలిలో ఆక్సిజన్ ఒక్క శాతం పెంచితే 40–50 డిగ్రీలు తిరిగొస్తాయి. టన్ను ఇనుముకు 1,000 క్యూబిక్ మీటర్ల గాలి పోతుందనుకుంటే, 21 శాతాన్ని 25 చేయడానికి 54 క్యూబిక్ మీటర్ల ఆక్సిజన్ కలపాలి. కన్వర్టర్ వాడకం ఎంతో ఇదీ అంతే! శ్రీకాళహస్తి దారిలోని రాచగున్నేరిలో తయారయ్యే డక్టైల్ ఐరన్ (సులువుగా పగలని పోత ఇనుము) పైపుల్లో కార్బన్ ఉండాల్సిందే. అలాంటి చోట కన్వర్టర్ లెక్క పనికిరాదు, ఫర్నేస్ లెక్కే చూడాలి.

అపోహ: 93 శాతం శుద్ధత ఉన్న ఆక్సిజన్ ఎక్కడా పనికిరాదు.

వాస్తవం: ఫర్నేస్ గాలిలో కలపడానికి నిక్షేపంగా సరిపోతుంది. కన్వర్టర్‌కు మాత్రం 99.5 కావాలి. లేకపోతే నైట్రోజన్ ఉక్కులో కలిసి దాన్ని పెళుసు చేస్తుంది.

అపోహ: ఆర్గాన్ ఎంత ఊదితే ఉక్కు అంత శుభ్రం.

వాస్తవం: లేడిల్‌లో (కరిగిన ఉక్కు పట్టే పెద్ద పాత్రలో) చివరి నిమిషాల్లో ఆర్గాన్ బుడగలు మెల్లగా రావాలి. పైనున్న స్లాగ్ (తేలే మడ్డి పొర) విడిపోయి ఎర్రటి కన్ను తెరుచుకుందంటే, ఉక్కు గాలిని పీల్చుకుంటోందని అర్థం. ఆర్గాన్ లోపలికి వచ్చే అడుగు ప్లగ్ మూసుకుపోయినప్పుడు చాలామంది ప్రెషర్ పెంచేస్తారు. ముందు గొట్టం జాయింట్లలో లీకు చూడండి: మీటర్‌లో కనిపించే ఆర్గాన్ సగం దారిలోనే పోతుండవచ్చు. గాలిలో ఆర్గాన్ 0.93 శాతమే, వృథా చేయదగ్గది కాదు.

అపోహ: స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ మొత్తాన్నీ ట్యాంకర్లకు ఎక్కించవచ్చు.

వాస్తవం: 2021 ఏప్రిల్‌లో విశాఖ స్టీల్ ప్లాంట్ నుంచి ఆక్సిజన్ రైలు వెళ్లాక ఈ మాట బాగా ప్రచారమైంది. ప్లాంట్లలో అధిక భాగం వాయువుగా పైపుల్లో పోతుంది. ట్యాంకర్‌కు మైనస్ 183 డిగ్రీల ద్రవమే కావాలి, అది కొంతే తయారవుతుంది.

అపోహ: నైట్రోజన్ విషం కాదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: రంగు, వాసన లేకుండా ఊపిరి ఆపేస్తుంది. గుంటలోకి, పైపులోకి దిగేముందు లైన్‌కు బ్లైండ్ ఫ్లాంజ్ (పైపును పూర్తిగా మూసే గట్టి పలక) వేయండి, వాల్వ్ మూసినంత మాత్రాన నమ్మొద్దు. మీటర్‌లో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగొద్దు. లోపల ఎవరైనా పడిపోతే శ్వాస పరికరం లేకుండా రెండో మనిషి అస్సలు దిగకూడదు, తాడుతో బయటి నుంచే లాగాలి.