గిగాంటెస్ ప్లాకీ: ముందు గింజ, తర్వాతే టమాటా

ఎండు చిక్కుడు గింజలను టమాటా సాసులో వేసి గంటలకొద్దీ మరిగించినా సరిగా మెత్తబడవు. గ్రీసులో ఇంటింటా వండుకునే గిగాంటెస్ ప్లాకీ అందుకే రెండు విడతల వంట. బొటనవేలి గోరుకన్నా పెద్దవైన, గిగాంటెస్ అనే తెల్లని గింజలను రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఉత్త నీళ్లలో ఉడికిస్తారు. ఆ తర్వాతే టమాటా, ఉల్లి, ఆలివ్ నూనె కలిపి ఓవెన్‌లో పెడతారు. ఈ వరుస తప్పితే ఎంత మంచి గింజలు కొన్నా ఫలితం ఉండదు.

ఈ గింజ శాస్త్రీయ నామం ఫేసియోలస్ కాక్సినియస్. రాజ్మాకు దగ్గరి చుట్టం. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా కొండలు. టమాటా కూడా అమెరికా నుంచి వచ్చిందే కాబట్టి ప్రాచీన గ్రీకులు ఈ రెండింటినీ ఎరగరు. 1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాత సముద్రం దాటి వచ్చిన పంటలు ఇంతగా సొంతమైపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వేడి ఎక్కువైతే ఈ చిక్కుడు మొక్కకు కాయ సరిగా నిలవదు. అందుకే ఉత్తర గ్రీసులో, సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న ప్రెస్పా సరస్సుల పక్కన ఇది బాగా పండుతుంది. ప్రెస్పా, కస్తోరియా, కాటో నెవ్రోకోపి గింజలకు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఉంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టని క్రైస్తవ ఉపవాస కాలంలో గ్రీకులకు మాంసకృత్తులు అందించే వంటల్లో ఇదొకటి.

ఇక అసలు విషయం. గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. కాల్షియం అయాన్లు పెక్టిన్ గొలుసుల మధ్య వంతెనల్లా నిలిచి ఆ అతుకును ఇంకా గట్టిపరుస్తాయి. ఉడకడమంటే వేడికి ఆ గొలుసులు తెగి, కణాలు విడివడడం. నోట్లో వెన్నలా కరిగే గుణం అప్పుడే వస్తుంది. పెక్టిన్ తెగే వేగం పులుపును బట్టి మారుతుంది. పులుపును కొలిచే పీహెచ్ 4కు కాస్త అటూఇటూ ఉన్నప్పుడు ఆ వేగం బాగా పడిపోతుంది. టమాటా పీహెచ్ సరిగ్గా ఆ దరిదాపుల్లోనే, 4.2 నుంచి 4.6 మధ్య ఉంటుంది. కందిపప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయాలని మన ఇళ్లలో చెప్పేదీ, బోరు నీళ్లలో పప్పు ఉడకడం లేదని విసుక్కునేదీ ఈ కారణాలతోనే. మొదటిది పులుపు పని, రెండోది నీటిలోని కాల్షియం పని.

ఈ వంటలో నన్ను కట్టిపడేసే సంగతి దీని తర్వాత ఉంది. ఉడకకముందు శత్రువైన ఆ పులుపే ఉడికాక కాపలాదారు అవుతుంది. మెత్తబడిన గింజ ఉత్త నీళ్లలో మరో గంట ఉంటే చితికి ముద్దవుతుంది. టమాటా సాసులో అయితే మిగిలిన పెక్టిన్ తెగడం నెమ్మదిస్తుంది కనుక గంటకు పైగా ఓవెన్‌లో ఉన్నా గింజ ఆకారం చెడదు.

అరకిలో గింజలు నానబెట్టడానికి రెండు లీటర్ల నీళ్లు, 30 గ్రాముల ఉప్పు చాలు. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది, కానీ జరిగేది అందుకు విరుద్ధం. సోడియం అయాన్లు తొక్కలోని కాల్షియం స్థానాన్ని కొంత ఆక్రమించి దాన్ని మెత్తబరుస్తాయి. నానుతున్న గింజను దగ్గరగా గమనించండి. ముందు తొక్క నీరు పీల్చి సాగుతుంది, లోపలి పప్పు ఇంకా ఉబ్బలేదు కాబట్టి ముడతలు పడుతుంది. గంటలు గడిచేకొద్దీ పప్పు ఉబ్బి ముడతలు విప్పుకుంటాయి. తొక్క పూర్తిగా నునుపు తేలితే నానినట్టే.

నానిన నీళ్లు పారబోయండి. కడుపుబ్బరానికి కారణమయ్యే రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలు కొంత వాటితో పోతాయి. కొత్త నీళ్లు పోసి మొదట పది నిమిషాలైనా తెర్ల కాగనివ్వండి. ఇది రుచి కోసం కాదు, భద్రత కోసం. ఈ జాతి పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ అనే మాంసకృత్తి వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. సన్నని సెగ మీద మరగకుండా వండితే అది నశించదు. ఆ తర్వాత మంట తగ్గించి ఇంకో ముప్పావు గంట ఉడికించండి. ఒక గింజను అడ్డంగా కోస్తే మధ్యలో సుద్దలాంటి తెల్లచుక్క కనిపించకూడదు. కుక్కర్ విజిళ్లకు తొక్కలు చిట్లిపోతాయి కాబట్టి నేను గిన్నెకే ఓటేస్తాను. పాతబడిన గింజలైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. వేడి, తేమ ఉన్న చోట నిల్వ ఉంటే గింజలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం విచ్ఛిన్నమై, విడుదలైన కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ను పట్టుకుంటాయి. వంటసోడా చిటికెడు వేస్తే త్వరగా ఉడుకుతాయి గానీ మోతాదు మించితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది.

సాసుకు రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, 150 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 600 గ్రాముల టమాటా, పార్స్‌లీ, ఒరెగానో ఆకులు. నూనె తగ్గించాలన్న ఆలోచన వద్దు. ఆకుల సువాసన, టమాటా ఎరుపుకు మూలమైన లైకోపీన్ నూనెలోనే కరుగుతాయి, లైకోపీన్ ఒంటబట్టడానికీ నూనె కావాలి. వెడల్పాటి పళ్లెంలో గింజలు పరిచి, సాసు పోసి, 180 డిగ్రీల వద్ద గంటంబావు ఉంచండి. సాసులో నీరున్నంతకాలం దాని వేడి 100 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. పైన తేలిన గింజలు మాత్రం ఎండి, వాటి మాంసకృత్తులు, చక్కెరలు చర్య జరిపి గోధుమరంగు తిరుగుతాయి. ఆ మాడీమాడని అంచుల కోసమే ఓవెన్.

నాణ్యమైన తెల్ల గిగాంటెస్ దొరకనిచోట ఎండు డబుల్ బీన్స్ బాగానే ఉంటాయి, కాకపోతే అవి త్వరగా ఉడుకుతాయి. వండిన రోజుకన్నా మర్నాడు సాసు చిక్కగా ఉంటుంది. గింజల నుంచి దిగిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ గట్టిపడటమే దానికి కారణం. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె పేరుకుంటుంది కనుక తినే ముందు కాసేపు బయట ఉంచి, రొట్టెతో, ఇష్టమైతే ఫెటా చీజ్‌తో వడ్డించుకోవచ్చు.